ఎలుక కట్టించిన ఇండ్లు, బొగ్గు కట్టించిన ఇండ్లు

సర్కారు ఇల్లు అనగానే ఇవాళ మన నోట మొదట వచ్చే మాట లిస్టు. లిస్టులో పేరుందా, బేస్‌మెంట్ లేచిందా, బిల్లు పడిందా? జనగామ బస్టాండులోనైనా, మానుకోట అంగట్లోనైనా, భూపాలపల్లి గని క్యాంటీన్ ముందరైనా ఇవే ముచ్చట్లు. పేదవానికి ఇల్లు ఇవ్వడం సర్కారు పని అన్న మాట ఎంత అలవాటైపోయిందంటే, అది తాతల కాలం నుంచీ ఉన్నదే అనుకుంటాం. నూట ఇరవై ఏండ్ల కింద మన దిక్కున ఏ ప్రభుత్వానికీ అది తన పని అనిపించలేదు. రాజులు కోటలు కట్టారు, చెరువులు తవ్వించారు, గుళ్ళూ మసీదులూ సత్రాలూ నిలబెట్టారు. మామూలు మనిషి తలదాచుకునే ఇల్లు మాత్రం వాని తిప్పలే.

మరి ఆ బాధ్యత ప్రభుత్వం నెత్తికి ఎట్లా ఎక్కింది? పేదల మీద ప్రేమతో అంటే చరిత్ర ఒప్పుకోదు. మొదట భయం కట్టించింది, తర్వాత కూలీల అవసరం కట్టించింది, ఆఖరుకు ఓటు కట్టించింది. ఎందుకు కట్టారన్నది గోడ మందంలో, గది వెడల్పులో, వాకిలి ఉందా లేదా అన్న దాంట్లో తెలిసిపోతుంది. ఈ మూడింటిలో రెండు రకాలను జనగామ, మహబూబాబాద్ (మన మానుకోట), భూపాలపల్లి జిల్లాల్లోనే చూడొచ్చు. మొదటి రకం కోసం మాత్రం హైదరాబాదు పోవాలి.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచింది. వేలమంది చనిపోయారు. మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద సంగతి చూడమంటే ఆయన మురుగుకాల్వల సంగతీ, ఇరుకు బస్తీల సంగతీ కలిపి చూశారు. ఆ పనులు ఇంకా ఒక దారికి రాకముందే 1911లో ప్లేగు విరుచుకుపడింది. ఆ ఏడే గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేశారు. జనం దాన్ని సీఐబీ అన్నారు. వరదను ఆపే పని ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలకు పోతే, రోగాన్ని ఆపే పని ఈ బోర్డుకు వచ్చింది.

రోగానికీ ఇంటికీ ముడి ఎక్కడుంది? 1896లో బొంబాయికి ప్లేగు వచ్చినప్పుడు డాక్టర్లకే సరిగా తెలియదు. చీకటి, తేమ, కుక్కినట్టున్న జనం, వీటి నుంచే రోగం పుడుతుందని పాత నమ్మకం. పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లో కరాచీలో చేసిన ప్రయోగంతో అసలు దారి బయటపడింది. ఎలుక చస్తుంది, దాని ఒంటి మీది గోమార్లు చల్లబడ్డ ఒంటిని వదిలి మనిషి మీదికి దూకుతాయి. గడ్డికప్పుల్లో, మట్టిగోడల కన్నాల్లో, గింజలు పోసిన గుమ్ముల కింద ఎలుకలు కాపురముంటాయి కాబట్టి ఇల్లు మారితే రోగం తగ్గుతుందన్నది కొంత నిజమే. అయితే సిమాన్ మాటను తోటి శాస్త్రవేత్తలు నమ్మడానికే చాలా ఏండ్లు పట్టింది. ఈలోపు ప్లానర్లు తమ పాత నమ్మకంతోనే ఇండ్లు కట్టారు. గాలి, వెలుతురు ఉండాలన్నారు. కారణం సగం తప్పు, మందు మాత్రం మంచిదే. ప్లేగుకు కాకపోయినా క్షయకు అది పనికొచ్చింది.

ఆ వెలుతురును వాళ్ళు కొలిచిన తీరు ముచ్చటగా ఉంటుంది. 1898లో పుట్టిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు 63.5 డిగ్రీల నియమం పెట్టుకుంది. కింది అంతస్తు గది నుంచి చూస్తే ఎదుటి కట్టడం పైఅంచు ఆ కోణానికి మించి పైకి పోవద్దు. త్రికోణమితి కొంచెం గుర్తున్నవాళ్ళకు తెలుసు, ఆ కోణానికి టాంజెంటు విలువ దాదాపు 2. అంటే ఎదుటి కట్టడం 40 అడుగుల ఎత్తుంటే మధ్యలో కనీసం 20 అడుగుల జాగా వదలాలి. రోగ భయం ఇట్లా కొలబద్దగా మారి, ఈనాటి మున్సిపల్ సెట్‌బ్యాకుల దాకా వచ్చింది.

సీఐబీకి బొంబాయి అంత ఇరుకు లేదు. కాబట్టి చాళ్ళు అనే ఒక్కగది ఇండ్ల అంతస్తుల కట్టడాలు కాకుండా నేల మీద వరుస ఇండ్లు వేసింది. ఇరుకు బస్తీలను పడగొట్టి వెడల్పు వీధులు తీసింది, మురుగుకాల్వలు కట్టింది, అద్దె కట్టగల శక్తిని బట్టి ఇండ్లను తరగతులుగా విడగొట్టి తక్కువ కిరాయికి ఇచ్చింది. చిన్న తరగతి ఇంటికి కూడా వరండా, వంటిల్లు, నెత్తిన కప్పులేని వాకిలి. నన్నడిగితే ఈ వాకిలే సీఐబీ చేసిన మంచి పని. పొయ్యి పొగ పోవడానికి, బట్టలారేయడానికి, వేసవి రాత్రి మంచం వేసుకోవడానికి, ఎండాకాలం పగలంతా వేడెక్కిన ఇల్లు రాత్రి చల్లబడడానికి అదొక్కటే దారి. మన పాత భవంతి ఇండ్లలో నడిమి వాకిలి చేసిన పనినే బోర్డు ఇంజనీర్లు కొద్దిపాటి జాగాలో చేయించారు. పత్తర్‌గట్టీ రాతి కమాన్లూ, 1935 నాటి మొజంజాహీ మార్కెట్టూ ఇదే బోర్డు కట్టినవి. పర్యాటకులు ఫొటోలు తీసేది వాటికే. చిన్న ఇండ్ల వరుసల జోలికి ఎవరూ పోరు.

మంచి మాట చెప్పాను కాబట్టి చెడ్డమాటా చెప్పాలి. బస్తీ పడగొట్టినప్పుడు ఖాళీ అయినవాడూ, కొత్త ఇంట్లోకి వచ్చినవాడూ ఒక్కడేనా? ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ లెక్క కుదరలేదు. లండన్‌లో 1900లో పూర్తయిన బౌండరీ ఎస్టేట్‌ను ఇంగ్లండులో తొలినాటి ప్రభుత్వ గృహసముదాయంగా చెబుతారు. దానికోసం 5,700 మందికి పైగా పేదలను కదిలిస్తే, కొత్త ఇండ్లలోకి తిరిగి వచ్చింది 11 మంది. కిరాయి వాళ్ళకు అందలేదు. బొంబాయి ట్రస్టు కూడా కట్టినదానికన్నా కూలగొట్టిందే ఎక్కువ. రోగాన్ని తరమడానికి పుట్టిన పథకం రోగినే తరిమేయడం ఆనాడు మొదలై, ఇప్పటికీ ఆగలేదు.

సీఐబీ చెయ్యి హైదరాబాదు దాటలేదు. మన మూడు జిల్లాల దిక్కు వరుస ఇండ్లను తెచ్చింది రైలు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాదు నుంచి జనగామ మీదుగా కాజీపేటకు, అక్కడి నుంచి మానుకోట, డోర్నకల్ మీదుగా బెజవాడ వైపు 1880లలో పట్టాలు వేసింది. డోర్నకల్ నుంచి ఒక పాయ ఇల్లెందు బొగ్గు కోసం చీలింది. స్టేషన్ మాస్టరు, పాయింట్స్‌మన్, గ్యాంగ్‌మన్ పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి కాబట్టి రైల్వే ఇండ్లు కట్టింది. ఇది దానమూ కాదు, పేదల పథకమూ కాదు. కానీ ఊళ్ళోవాళ్ళు ఒకే కొలతతో, ఒకే దర్వాజతో, ఒకే రంగుతో వరుసగా లేచిన ఇండ్లను చూసింది అక్కడే. క్వార్టర్ అన్న మాట మన నోట పడిందీ అప్పుడే.

ఆ కాలపు రైల్వే కట్టడాల పైకప్పు ఎప్పుడైనా తలెత్తి చూడండి. చాలా చోట్ల ఇనుప దూలాలు మూడు నాలుగు అడుగులకొకటి పరిచి, వాటి మధ్య ఇటుకలను చిన్న చిన్న కమాన్లుగా పేర్చి ఉంటాయి. ఇటుక నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది, సాగదీస్తే పలుగుతుంది. కమానులో ప్రతి ఇటుకా పక్క ఇటుకను నొక్కుతుందే తప్ప ఎక్కడా సాగదు. ఒక కమాను పక్కకు తన్నే తన్నును పక్క కమాను అటునుంచి తన్ని సరిచేస్తుంది. ఆఖరి కమానుకు పక్కవాడు ఉండడు కాబట్టి అక్కడ ఇనుపకడ్డీతో బిగిస్తారు. సిమెంటు లేదు, సెంట్రింగ్ చెక్క కూడా కొంచెమే. దూలాల బదులు అరిగిన పట్టాలనే వాడిన చోట్లూ ఉన్నాయి. రైల్వేవాళ్ళకు పాత పట్టాలకు కరువేముంది!

వీటన్నిటినీ పట్టి ఉంచింది డంగుసున్నం. సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోతుంది. మిగిలిన పొడిసున్నాన్ని నీళ్ళతో చల్లార్చి, ఇసుకతో కలిపి, ఎడ్లు తిప్పే రాతిగానుగలో నూరుతారు. గోడలో పెట్టాక అది గాలి నుంచి పోయిన వాయువునే మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. ఏండ్లు పడుతుంది. అందుకే పాతగోడకు వయసుతో బలం పెరుగుతుందని మేస్త్రీలు అంటారు, ఆ మాటలో శాస్త్రం ఉంది.

ఇక బొగ్గు కథ. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1870ల మొదట్లో కనిపెట్టారు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలుపెట్టింది. అదే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. అడవిలో గని తెరిస్తే మనుషులను ఎక్కడినుంచో తేవాలి, తెచ్చినవాళ్ళు పారిపోకుండా ఉండాలి. రైల్వేకు ఇల్లు డ్యూటీ కోసమైతే, గనికి ఇల్లు మనిషిని కట్టేసుకోవడం కోసం. కొలువు పోతే ఇల్లు పోతుంది, సమ్మె చేస్తే ఇల్లు గుర్తుచేస్తారు. కొత్తగూడెంలో బాబు క్యాంపు, రైటర్ బస్తీ, కూలీ లైన్ అని పేటల పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎవరు ఏ పని చేస్తారో అది చూసి ఎక్కడ ఉంచాలో, ఎన్ని గదులివ్వాలో కంపెనీ నిర్ణయించింది. ఊళ్ళో కులం చేసిన పనిని ఇక్కడ గ్రేడు చేసింది. వాడల పాత గీతలు కొంత చెరిపి, పక్కనే కొత్తవి గీసింది.

దీన్ని కొంతైనా మార్చింది చట్టం. 1947లో వచ్చిన బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి చట్టం గని నుంచి కదిలే బొగ్గు మీద సెస్సు వేసి, ఆ డబ్బులో ఒక భాగాన్ని ఇండ్లకే ప్రత్యేకం చేసింది. కార్మికుడి ఇల్లు కంపెనీ దయ నుంచి లెక్కాపత్రం ఉన్న పద్దులోకి వచ్చింది. మన దేశంలో ఇంటికి హక్కు అన్న ఆలోచన పుట్టిన చోట్లలో గని ఒకటని నా నమ్మకం.

భూపాలపల్లి ఈ వరుసలో ఆలస్యంగా వచ్చిన ఊరు. కాకతీయ ఖని గనులు గత శతాబ్దం చివరి దశకాల్లో తెరుచుకున్నాక అది గని పట్టణమైంది. అప్పటికి గుడిసెలు, లైన్ల కాలం పోయి, సిమెంటు స్లాబు క్వార్టర్ల కాలం వచ్చింది. వెయ్యి క్వార్టర్స్, మిలీనియం క్వార్టర్స్ అని పేట పేర్లలోనే లెక్కా, కాలమూ ఉన్నాయి. ఇక్కడ ఇల్లు కట్టే ఇంజనీరుకు మిగతా ఊళ్ళలో లేని చిక్కొకటుంది. కింద బొగ్గు తీస్తే పైన నేల కుంగుతుంది. తీసిన పొర ఎంత మందమో, ఎంత లోతునుందో దాన్ని బట్టి కుంగుడు. అది గని అంచులోనే ఆగదు, పైకి వచ్చేకొద్దీ గరాటులాగా విచ్చుకుని పక్కలకు పాకుతుంది. గోడకు ప్రమాదం నిలువునా దిగడంలో కన్నా, ఒక మూల దిగి ఒక మూల దిగకపోవడంలో ఉంది. కాబట్టి కాలనీకి జాగా వెతకాలంటే కింద బొగ్గు లేని నేల కావాలి, లేదంటే ఆ బొగ్గును వదులుకోవాలి. జనం ఇండ్ల కింద తవ్వాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి ఉండాల్సిందే. ఓపెన్‌కాస్టు వచ్చాక బ్లాస్టింగు అదురు ఇంకొక బాధ. గోడల్లో పర్రెల గురించి గని దగ్గరి పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

పల్లెల సంగతికి వద్దాం. జనగామ ప్రాంతంలో ఒకప్పుడు కట్టడం అంటే దొర గడి. ఎత్తు గోడలు, బురుజులు, ఏనుగు పట్టే దర్వాజ. దాని చుట్టూ గుడిసెలు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసిన తుపాకి దొర ఇంటి వైపు నుంచే పేలింది. దాంతో రాజుకున్న తెలంగాణ రైతాంగ పోరాటం అడిగింది భూమి, వెట్టి నుంచి విడుదల. పేదలకు ఇల్లు అన్న మాట సర్కారు బడ్జెట్టులో గట్టిగా కనబడడానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది. నగరంలో సీఐబీ 1960లో హౌసింగ్ బోర్డులో కలిసింది గానీ అది కిస్తీ కట్టగల ఉద్యోగుల కోసం. ఊరి పేదల కోసం 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1980లలో బలహీన వర్గాల కాలనీలు వచ్చాయి, ఎక్కువగా ఊరికి అవతల, ఎవరికీ పనికిరాని జాగాలో. 1985లో కేంద్రం ఇందిరా ఆవాస్ తెచ్చింది. అందులో ఇంటి కొలత కనీసం 20 చదరపు మీటర్లు, అంటే 215 చదరపు అడుగులు. పొగలేని పొయ్యి, మరుగుదొడ్డి ఉండాలన్నారు. పట్టా ఆడవాళ్ళ పేరు మీదనో, ఇద్దరి పేరు మీదనో ఇవ్వమన్నారు. ఈ చివరి నియమం ఒక్కటే గోడలన్నిటికన్నా గట్టిది. 2006లో ఇందిరమ్మ, 2015లో డబుల్ బెడ్‌రూం, 2024లో మళ్ళీ ఇందిరమ్మ. పేర్లూ జెండాలూ మారాయి, ఇంటి నడుము మాత్రం మారలేదు. పది అడుగుల గది, పైన స్లాబు.

పది అడుగులే ఎందుకు? స్లాబు రెండు గోడల మధ్య వంగుతుంది. గది వెడల్పు రెట్టింపైతే వంచే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఇనుము, మందం పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. పది అడుగులకు నాలుగైదు అంగుళాల స్లాబు సరిపోతుంది. ఆ మందానికే చదరపు మీటరుకు దాదాపు 300 కిలోల బరువు. తక్కువ డబ్బుతో కట్టిన ఇండ్లన్నీ ఒక్క తీరుగా కనబడేది అధికారులకు ఊహ లేక కాదు, ఈ లెక్క వల్ల.

అసలు ఇబ్బంది వేసవిలో. మన మూడు ఊళ్ళు 17, 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల దగ్గర ఉన్నాయి. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబడ్డ మనిషికి నీడే పడదు. అప్పుడు ఉత్తరం గోడకూ, దక్షిణం గోడకూ ఎండ పెద్దగా తగలదు. పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ కాగుతాయి. పగలంతా తినేది పైకప్పే. నాలుగైదు అంగుళాల కాంక్రీటులోంచి వేడి లోపలికి దిగడానికి మూడు, మూడున్నర గంటలు పడుతుంది. రెండు గంటలకు పైన కాగిన స్లాబు ఐదున్నరకు కింద రొట్టెల పెనమవుతుంది. కూలి నుంచి వచ్చి నడుం వాల్చే వేళకు అది మన మీదికే వేడిని వదులుతుంది. పైగా స్లాబు పైన పగటికీ రాత్రికీ ఉండే వేడి తేడాలో నూటికి నలభై వంతుల దాకా లోపలికి దిగుతుంది.

పాత మట్టి ఇల్లు దీన్ని వేరే తీరుగా చూసుకుంది. ఒకటిన్నర అడుగుల మట్టిగోడలో వేడి అవతలికి చేరాలంటే పన్నెండు గంటలు దాటుతుంది, చేరేసరికి నూటికి రెండు మూడు వంతులే మిగులుతుంది. మధ్యాహ్నపు ఎండ లోపలికి వచ్చేసరికి తెల్లవారుతుంది, అప్పటికి బయట చల్లగాలి. పైన గూనపెంకలు తొందరగా కాగుతాయి గానీ పొద్దుగూకగానే తొందరగా చల్లారతాయి. పెంకకూ పెంకకూ మధ్య సందుల్లోంచి పైకి లేచిన వేడిగాలి తప్పించుకుంటుంది. తండాల్లో గడ్డికప్పు ఇంకా మేలు, గడ్డిలో నిలిచిపోయిన గాలే వేడికి అడ్డం. అయితే మట్టిల్లును నెత్తిన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఏటా పెంకలు తిప్పాలి, గోడ కింద వాన కొడితే జారుతుంది, చెద పడుతుంది, గడ్డికి నిప్పు భయం, ఎలుకలు సరేసరి. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు స్లాబు కావాలని కోరుకోవడంలో తప్పులేదు. స్లాబు అంటే వాళ్ళకు గౌరవం, ఒకనాడు పైన ఇంకొక గది వేసుకోవచ్చన్న ఆశ కూడా.

డబుల్ బెడ్‌రూం పథకం ఇంటి కొలతను 560 చదరపు అడుగులకు పెంచింది. రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, రెండు మరుగుదొడ్లు. 215 నుంచి 560కి రావడం చిన్న సంగతి కాదు. బొంబాయిలో 1920లలో ప్రభుత్వం కట్టిన బీడీడీ చాళ్ళలో కుటుంబానికి ఒకటే గది, 160 చదరపు అడుగులు. కానీ పట్టణాల్లో ఈ ఇండ్లు అంతస్తుల మీదికి పోయాయి, హైదరాబాదు దగ్గరి కొల్లూరులో ఒక్కచోటే 15,660. అంతస్తుతో పాటు వాకిలి పోయింది. కోళ్ళగూడు, కట్టెల మోపు, నాలుగు మేకలు, బండి, వేసవి మంచం ఇవన్నీ వాకిలి సామాన్లే. అంతకన్నా పెద్ద నష్టం, కొడుక్కు పెండ్లయితే ఇంకొక అర్ర దించుకునే వీలు పోయింది. సీఐబీ ఇంజనీర్లు రోగానికి భయపడి వదిలిన ఖాళీ జాగాను మనం ప్రేమతో కడుతున్నామంటూ మింగేశాం. గదుల సంఖ్య పెంచి వాకిలి తీసేసిన ఇల్లు పెద్ద ఇల్లు కాదు.

ఇప్పటి ఇందిరమ్మ ఇంట్లో ఒక మంచి ఉంది. సొంత జాగాలో, సొంత మేస్త్రీతో, 400 చదరపు అడుగులకు తగ్గకుండా 600 దాటకుండా కట్టుకోవచ్చు. అంటే నిర్ణయం మీ చేతుల్లోనే ఉంది. పొడుగు గోడలను ఉత్తర దక్షిణాలకు పెట్టండి. కిటికీలు ఎదురెదురు ఉంచండి, స్లాబు కింద జానెడు దిగువన చిన్న జాలీలు వదలండి. పడమర సాయమాను దించండి, కాకుంటే వేపచెట్టు పెట్టండి. ఫాల్గుణం వెళ్ళేలోపు స్లాబు మీద తెల్లసున్నం రెండు పూతలు వేయండి. బూడిదరంగు కాంక్రీటు మింగే ఎండలో సగానికి పైగా తెలుపు తిప్పికొడుతుంది, ఖర్చు వందల్లోనే. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ లెక్క మీదనే. జాగానంతా ఇంటితో నింపొద్దు, వెనుకనైనా ముందరైనా ఒక మంచం పట్టేంత వాకిలి మిగిల్చండి. ముగ్గు పోసిన రోజు పంచాయతీ కార్యదర్శి ఫొటో తీయకముందే, పడమటి ఎండ ఏ గోడ మీద పడుతుందో మేస్త్రీతో కలిసి చూసుకుని, ఆ తర్వాతే పునాది తవ్వించండి.